మౌలాలి ఏడు రోజుల బోధ

మౌలాలి ఏడు రోజులు గుట్ట అవతలి ఊరికి తిరిగాడు. ఎనిమిదో రోజు వెళ్ళనన్నాడు.

లాలుసా తాత గుట్ట కింద దర్గాను కనిపెట్టుకుని ఉండే ఫకీరు. దర్గా పక్కన నాలుగెకరాల మెట్టచేను సాగుచేస్తాడు. ఊరందరిలా శెనక్కాయ ఒక్కటే వెయ్యడు. సాలుసాలుకీ మార్చి జొన్న, కంది, అలసంద కలిపి విత్తుతాడు. కోత అయ్యాక చెత్త తగలబెట్టకుండా నేలమీదే పరుస్తాడు. మూడేళ్ళుగా ఆయన దగ్గరున్న మౌలాలిని పిలిచి, "వానలకు ముందు గుట్ట అవతలి ఊళ్ళో మన సేద్యం గురించి నాలుగు మాటలు చెప్పిరా" అన్నాడు.

మౌలాలి చక్కగానే చెప్పాడు. జనం విన్నారు, టీ పోశారు, లేచిపోయారు. ఏడో రోజు హనుమక్క అనే ముసలామె మాత్రం ఆగింది. గుట్టవాలులో ఆమెకు ఐదెకరాలుంది.

"నువ్వెన్ని కార్ల పంట విత్తినావు నాయనా?"

"మూడు, అవ్వా."

"నేను నలభై విత్తినా" అని ఆమె వెళ్ళిపోయింది. వెనక ఎవరో నవ్వారు.

"వాళ్ళు మారరు తాతా. నన్నింక పంపొద్దు" అన్నాడు మౌలాలి దర్గాకు తిరిగొచ్చి.

మర్నాడు మధ్యాహ్నం పెద్ద వాన కురిసింది. ఆ మర్నాటికీ నేల నాగలికి ఆరలేదు. పొద్దున్నే తాత చేతికర్ర అందుకుని, "రా" అన్నాడు.

హనుమక్క వసారాలో కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోంది. మౌలాలిని చూడగానే ఆమె ముఖం ముడుచుకుంది.

తాత ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, పోయినేడు మా చేలో అలసంద బాగా పూసింది, కాయ పట్టలేదు. ఎందుకో మాకు తెలీడం లేదు. ఒకసారొచ్చి చూస్తావా?"

మౌలాలికి తల కొట్టేసినట్టయింది. ఏడు రోజుల్లో అలసంద కాయలేదన్న సంగతి అతను ఒక్కరికీ చెప్పలేదు.

హనుమక్క చేట పక్కన పెట్టి లేచింది.

దర్గా చేలో నిరుటి జొన్న కొయ్యలు ఇంకా నిలబడే ఉన్నాయి. ఆమె వాటి మధ్య అడుగులేసి కొలిచింది. "సాలుకీ సాలుకీ రెండడుగులు కూడా లేదు. ఎవరేసినారు?"

"నేనే అవ్వా" అన్నాడు మౌలాలి.

"జొన్న నీడలో అలసంద తీగ పాకుతాది, పూస్తాది, కాయదు. ఎడం చాలా ఇయ్యాల. ఈ మాత్రం అడగడానికి నోరు రాలేదా?"

ఇంకా ముందుకు నడిచి ఆగింది. వాలు వెంబడి కిందికి చూసింది, పైకి చూసింది. "సామీ, నిన్న అంత వాన కురిసింది గదా. ఈడ నీళ్ళు ఎటు పోయినాయి?"

"ఎటూ పోలేదమ్మా."

ఆమె వంగి, పరిచిన చెత్తను చేత్తో తొలగించింది. కింద మట్టి నల్లగా, మెత్తగా ఉంది. గుప్పెట్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. "మా చేని మట్టి సగం వాననీళ్ళకు కొట్టుకుపోయి వంకలో ఉంది" అంది మెల్లగా. "ఏటా అంతే."

మౌలాలి నోరు తెరిచాడు. ఏడు రోజులు చెప్పిన మాటలన్నీ నాలుక చివరికొచ్చాయి. మింగేశాడు.

"మొదటేడు నేను చెత్త మందంగా పరిచినా అవ్వా. చెదలు పట్టి కంది సగం పోయింది."

హనుమక్క నవ్వింది. "పోదా మరి! మొదళ్ళు వదిలిపెట్టి పరచాల." మట్టి చేతులు దులుపుకుంది. "రేపు మా చేలోకి రా. పైమడి ఒక్కటి ఇట్లా చేస్తాం. సాళ్ళు మాత్రం నేను చెప్పినట్టే పెట్టాల."

"అట్లే అవ్వా."

ఆమె గుట్ట ఎక్కి కనుమరుగయ్యేదాకా ఇద్దరూ నిలబడ్డారు.

"తాతా, ఏడు రోజులు నేను చెప్పిందంతా తప్పేనా?"

"తప్పేమీ లేదు" అన్నాడు లాలుసా తాత. "అంతా నువ్వే చెప్పేస్తివి. ఆయమ్మకు చెప్పడానికేం మిగిలింది?"