ఈరన్న తోలిన అంబాసిడర్

కొనాలా, వద్దా అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని ఉరుకుందు పదకొండు రోజులుగా ఆదోనిలో కనిపించిన ప్రతివాడి ప్రాణం తీశాడు. చివరికి అది గురువుగారి ప్రాణం మీదికి వచ్చింది.

గురువు అంటే కాషాయం, కమండలం ఏమీ లేవు. హుసేనప్ప దూదేకులవాడు. మార్కెట్ యార్డు వెనక సందులో పరుపులు కుట్టే అంగడి ఆయనది. గురువారం సాయంత్రం పని ఆపేశాక అక్కడే నలుగురు శిష్యులు చేరతారు. ఆయన మాట్లాడితే వింటారు, మాట్లాడకపోతే కాసేపు దూది వాసన పీల్చుకుని ఇళ్ళకు పోతారు. ఎక్కువసార్లు జరిగేది రెండోదే. అందరూ ఆయన్ని తాత అంటారు.

ఉరుకుందు ఆరేళ్ళ కిందట ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్నాడు. ట్రాలీ ఆటో తోలుకుని బతుకుతాడు. యార్డు నుంచి ఉల్లిగడ్డల మూటలు, అంగళ్ళకు బియ్యం బస్తాలు, పెళ్ళిళ్ళకు కుర్చీలు, ఏది దొరికితే అది వేస్తాడు. ఉపదేశం తీసుకున్నాక కోరికలు తగ్గాయని తనే అందరికీ చెప్పుకునేవాడు. నిజంగానే తగ్గినట్టు ఉండేవి, బసవరాజ సావుకారి కారు అమ్మకానికి వచ్చేదాకా.

సావుకారి జిన్నింగ్ మిల్లు యజమాని. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పట్నుంచీ ఆయన తెల్ల అంబాసిడర్ మిల్లు షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉంది. ఇప్పుడు మనవడు ఆ షెడ్డు పడగొట్టి గోడౌను కట్టిస్తున్నాడు. కారు ఎవరైనా తీసుకుంటే పాత ఇనుము ధరకే ఇచ్చేస్తానన్నాడు. ఎవరూ రాకపోతే శనివారం పొద్దున పాత సామాన్లు కొనే గుజిరీవాళ్ళు వచ్చి అక్కడికక్కడే ముక్కలు కోసి తీసుకుపోతారు.

ఆ కారును ఇరవై ఎనిమిదేళ్ళు తోలినవాడు ఉరుకుందు తండ్రి ఈరన్న.

ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఉరుకుందు మాత్రం ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తడు. చిన్నప్పుడు ఒకసారి, తండ్రి కారు తుడుస్తుంటే, వెనక తలుపు తీసి సీటు మీద ఒక కాలు పెట్టాడు. ఈరన్న జన్మలో ఎవరి మీదా చెయ్యి ఎత్తిన మనిషి కాదు. ఆ రోజు కొడుకును చెంప పగిలేలా కొట్టాడు, తర్వాత ఆ సీటును గుడ్డతో మూడుసార్లు తుడిచాడు. సావుకారిని బళ్ళారికీ హుబ్బళ్ళికీ కారులో తిప్పి తెచ్చి, రాత్రి ఇంటికి మాత్రం నడిచి వచ్చేవాడు. కూతురి పెళ్ళికి కూడా కుటుంబమంతా బస్సులో నిలబడి పోయారు. ఈరన్న పోయి నాలుగేళ్ళు. ఆ సీటులో ఒక్కసారి దర్జాగా కూర్చోవాలన్న కోరిక ఉరుకుందు లోపల ఆ చెంపదెబ్బ నాటి నుంచీ అట్లాగే ఉంది. ఆ మాట నోటితో చెప్పడానికి నామోషీ. అందుకని వేరే కారణాలు వెతుక్కున్నాడు.

కారణాలకేం తక్కువ. ఇప్పటి కార్లు రేకు డబ్బాలన్నాడు. పెళ్ళికొడుకుల ఊరేగింపుకు అద్దెకిస్తానన్నాడు. సినిమావాళ్ళు పాత కార్ల కోసం వెతుక్కుంటూ తిరుగుతున్నారని కూడా అన్నాడు. ఆదోనికి ఏ సినిమావాళ్ళు వచ్చారో వాడికే తెలియాలి.

మెకానిక్ ఖాజాను తీసుకుపోయి చూపించాడు. ఖాజా కిందికి దూరి, పైకి లేచి, చేతులు దులుపుకున్నాడు.

"బ్రేకులు పట్టుకుపోయినాయి అన్నా. అడుగున రేకు తుప్పు పట్టి చెయ్యి దూరుతాది. ఇంజను దించల్ల. వైరింగంతా ఎలకలు తినేసినాయి. కారు చవకే, కాదన్లే. దాన్ని మళ్ళా కారు చేసేదానికే నీ ఆటో అమ్ముకోవల్ల."

అసలు చిక్కు అక్కడే ఉంది. ఆటో అమ్మితే తప్ప ఆ కారు కదలదు. ఆటో అమ్మితే ఇంట్లో పొయ్యి వెలగదు. చిన్నపిల్లలకు కూడా తెలిసే లెక్క ఇది. ఉరుకుందుకు మాత్రం పదకొండు రోజులుగా తేలడం లేదు.

భార్య సుంకమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది.

"ఆటో అమ్మేసి కారు తెచ్చుకుంటావా? రేపట్నుంచి ఉల్లిగడ్డల మూటలు కారులో ఏస్తావా, నెత్తిన పెట్టుకోని పోతావా?"

"అది క్లాసిక్ మే."

"అంటే?"

"అంటే, పాతదైనా ఇలువ ఉండేది."

"అట్లయితే మా అమ్మను తెచ్చి ఇంట్లో పెట్టుకుందాం. ఆమెకు రిపేరి గూడా తక్కువే."

ఆ రాత్రి నుంచి మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవు. అన్నం పళ్ళెం పెట్టేటప్పుడు చప్పుడు మాత్రం వినిపించేది.

ఇక మిగిలింది హుసేనప్ప. మొదటి రోజు ఉరుకుందు అంగడి మెట్టు మీద కూలబడి, "తాతా, ఆ కారు కొనల్లా, వద్దా?" అని అడిగాడు.

"కొనుక్కో" అన్నాడాయన, సూదిలో దారం ఎక్కించుకుంటూ.

అంతే, ఉరుకుందు అరగంట సేపు ఆ కారు ఎందుకు కొనకూడదో చెప్పాడు. తుప్పు చెప్పాడు, ఎలకలు చెప్పాడు, సుంకమ్మను చెప్పాడు. మర్నాడు మళ్ళీ వచ్చి అదే ప్రశ్న అడిగాడు.

"వద్దులే అయితే."

వద్దంటే ఊరుకుంటాడా. ఈసారి గంట సేపు ఆ కారు ఎందుకు కొనాలో చెప్పాడు. పెళ్ళికొడుకులు వచ్చారు, సినిమావాళ్ళు వచ్చారు. హుసేనప్ప ఒక పరుపు పూర్తిచేసి రెండోది మొదలుపెట్టాడు గానీ శిష్యుడి నోరు మూతపడలేదు. మూడో రోజు నుంచి ఆయన జవాబు చెప్పడం మానేశాడు. ఉరుకుందు రావడం మానలేదు. చెవిలో జోరీగలా రోజూ పొద్దున అదే మాట.

శుక్రవారం నాటికి ఆయన ఓపిక అయిపోయింది. సూది వేలికి దిగింది. వేలు నోట్లో పెట్టుకుని శిష్యుడి వైపు చూశాడు.

"రేయ్, నేను కొను అంటే వద్దనేదానికి కారణాలు చెప్తావు. వద్దంటే కొనేదానికి చెప్తావు. నడుమ నేనేంటికిరా? పోయి ఆ గోడను అడుగు. అదైతే విసుక్కోదు."

"రేపు పొద్దున కోసేస్తారు తాతా." ఉరుకుందుకు కోపం వచ్చింది. "ఆరేండ్లాయ నీకాడికి వస్తాండా. ఇంతవరకు ఒక్కటన్నా అడిగినానా? ఈ ఒక్కదానికి అవునో కాదో చెప్పేదానికి నీకేం పోయింది? గురువంటే ఏంటికి మరి?"

మాట జారిందని వెంటనే తెలిసింది. కానీ జారిన మాటను ఎత్తి లోపల పెట్టుకునే స్థితిలో లేడు. హుసేనప్ప వేలికి కాస్త దూది చుట్టుకుని లేచాడు.

"పా. చూద్దాం."

ట్రాలీ ఆటోలో పక్కన కూర్చుని వచ్చాడాయన. మిల్లు షెడ్డులో సగం గోడ అప్పటికే పడగొట్టేశారు. సావుకారి మనవడు దూరంగా మేస్త్రీలతో మాట్లాడుతూ, చూసుకోండన్నట్టు చెయ్యి ఊపాడు. ఉరుకుందు టార్పాలిన్ లాగాడు. దుమ్ము లేచి ఇద్దరూ దగ్గారు.

ఉరుకుందు హడావుడిగా బానెట్ ఎత్తి ఇంజను చూపించడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు మాట్లాడాక పక్కన ఎవరూ లేరని గమనించాడు. హుసేనప్ప కారు లోపలికి వంగి వెనక సీటును వేళ్ళతో నొక్కి చూస్తున్నాడు.

"తాతా, సీట్లు తర్వాత చూడొచ్చు. ఇంజను చూడు."

"ఇంజను నాకేం తెలుసురా. కూర్చునేది, పండుకునేది తెలుసు." ఆయన తల ఎత్తలేదు. "ఈ ఎడమ పక్క బాగా అణిగింది. బరువైన మనిషి. కాలు చాపుకోని కూర్చునేటోడు."

"సావుకారి. ఆయన అట్లనే కూర్చుంటాండె." ఉరుకుందుకు ఒళ్ళు మండింది. పొద్దు వాలుతోంది, రేపు కారు ముక్కలవుతుంది, ఈయనేమో పరుపుల బేరానికి వచ్చినవాడిలా నొక్కి చూస్తున్నాడు.

హుసేనప్ప ముందుకు వచ్చి డ్రైవరు సీటు నొక్కాడు. అంచు నొక్కాడు, తర్వాత వీపు ఆనే చోట అరచేత్తో నిమిరాడు. అక్కడ కాసేపు చెయ్యి ఆగింది.

"ఈ మనిషి వీపు ఆనిచ్చినట్టు లేదే."

ఉరుకుందు బానెట్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. సావుకారి కారులో ఉండగా డ్రైవరు వెనక్కి వాలడం బాగుండదని తండ్రి ఎప్పుడో అన్నట్టు గుర్తు.

హుసేనప్ప కారు చుట్టూ తిరిగి వచ్చి ఎడమవైపు వెనక తలుపు తెరిచాడు. తెరిచి, దాన్ని పట్టుకుని, ఒక పక్కకు ఒదిగి నిలబడ్డాడు.

"ఎక్కు."

"నేనా?"

"నువ్వే. ఎక్కు."

ఉరుకుందు ఎక్కాడు. సీటు చల్లగా, వెడల్పుగా ఉంది. సావుకారి బరువు చేసిన గుంటలో తన ఒళ్ళు సరిగ్గా కుదురుకుంది. ఎన్నేళ్ళుగానో కోరుకున్న చోటు అది. హుసేనప్ప రెండు చేతులతో చప్పుడు కాకుండా తలుపు వేశాడు. నెమ్మదిగా అటు తిరిగిపోయి, ముందు తలుపు తీసుకుని, స్టీరింగు ముందు కూర్చున్నాడు. సీటు అంచున, నిటారుగా.

వెనక నుంచి ఉరుకుందుకు ఆయన మెడ కనిపించింది. చెమటకు తడిసిన కాలరు, చెవుల వెనక నెరిసిన వెంట్రుకలు. ఇంకేమీ కనిపించలేదు.

"యాడికి పోదాం, సావుకారీ?" అన్నాడు హుసేనప్ప, వెనక్కి తిరగకుండా.

ఉరుకుందు ఆ గుంటలోంచి సీటు అంచుకు జరిగాడు.

"తాతా, దిగు."

"యాడికి పోదాం, సావుకారీ?"

అదే గొంతు. కోపం లేదు, వెటకారం లేదు. చెప్పిన చోటికి తీసుకుపోవడానికి సిద్ధంగా ఉన్న మనిషి గొంతు. ఉరుకుందు తలుపు పిడి కోసం తడుముకున్నాడు. తిప్పితే తిరగలేదు, తుప్పు పట్టేసింది. భుజంతో తోశాడు. తలుపు రాలేదు. ఊపిరాడనట్టు ఉంది, ఏడుపు వస్తోంది, ఆ రెండింటికీ కోపం వస్తోంది.

హుసేనప్ప దిగాడు. మోకాళ్ళు పట్టుకుని, కారు చుట్టూ నడిచి వచ్చి, బయట నుంచి తలుపు తెరిచి పక్కకు ఒదిగి నిలబడ్డాడు.

ఉరుకుందు దిగి ఆయన చేతిలోంచి తలుపు లాక్కున్నాడు. "నువ్వు తియ్యొద్దు తాతా" అన్నాడు. "నువ్వు ఏంటికి తీస్తావు" అన్నాడు. కారు పైరేకు మీద రెండు చేతులూ పెట్టి, వాటి మధ్య మొహం దాచుకుని ఏడ్చాడు. తండ్రి పోయిన రోజు చుట్టాల భోజనాలు, వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, వీటితోనే సరిపోయింది. అప్పుడు ఇట్లా ఏడవలేదు.

హుసేనప్ప ఓదార్చలేదు. పోయి మళ్ళీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. కొంతసేపటికి లోపలి నుంచి చెయ్యి చాపి ముందువైపు ఎడమ తలుపు నెట్టాడు.

"ఇట్ల రారా. ఈ పక్క సీటు లోపలి పీచు ఇంతవరకు అణగనే లేదు."

ఉరుకుందు మొహం తుడుచుకుని వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. ముందు సీటు బల్లలాగా ఒకటే కావడంతో ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి. ఇక్కడి నుంచి ముసలాయన చెంప, గడ్డం, కంటి కింద ముడతలు అన్నీ కనిపిస్తున్నాయి. దుమ్ము పట్టిన అద్దంలోంచి సగం కూలిన గోడ, దాని అవతల సాయంత్రపు ఎండ కనిపించాయి.

మనవడు చేతులు దులుపుకుంటూ వచ్చాడు. పదకొండు రోజుల నుంచి అతనూ ఇదే ప్రశ్నతో విసిగి ఉన్నాడు.

"ఏమన్నా, ఇప్పటికన్నా తేల్చుకున్నావా? పొద్దున్నే వాళ్ళొస్తారు. తీసుకుంటావా, లేదా?"

"ఇంగొక గంట కూర్చోనీ సార్" అన్నాడు ఉరుకుందు. "తర్వాత మీ ఇష్టం."