పారమ్మ సవరం

గౌరీసు తన జుట్టు మీద పెట్టే శ్రద్ధని గురుభక్తి అనేవాడు. మేళంలో ఆడవేషం కట్టేవాడికి జుట్టే పెట్టుబడి కదా అని నడుం దిగేదాకా పెంచాడు. వారానికి రెండుసార్లు కుంకుడుకాయ రసం, రోజూ పొద్దున్నే కొబ్బరినూనె, ఆ పైన అద్దం ముందు గంటసేపు. తన అందం చూసుకోవడానికి కాదనీ, గురువుగారు నేర్పిన విద్య ఎంతవరకు వచ్చిందో చూసుకుంటున్నాననీ అడిగినవాళ్ళకి చెప్పేవాడు. అడగనివాళ్ళకి కూడా చెప్పేవాడు. ఈ సంగతులన్నీ ఇప్పుడు అతనే నవ్వుతూ చెప్పుకుంటాడు కాబట్టి ఇక్కడ రాస్తే తప్పులేదు.

అతని గురువు తవిటయ్య భాగవతులు. నాగావళి ఒడ్డున ఊళ్ళన్నిటా ముప్పై ఏళ్ళుగా ఆయన మేళం ఆడని వీధి లేదు. ఆటలో రాణి వేషం ఆయనదే. రాజు యుద్ధంలో పడిపోయాడని కబురు వస్తుంది. రాణి ఒక్క మాటా అనదు. మెల్లగా జడ విప్పుకుంటుంది. అంతే ఆ ఘట్టం. అది చూసి ఏడవని ఆడమనిషి లేదని చెప్పుకునేవారు. ఇప్పుడు ఆయనకి మోకాళ్ళు పట్టేశాయి. మాఘమాసం తీర్థంలో, అంటే జాతరలో, రాణి వేషం ఎవరు కట్టాలన్నది ఇంకా తేలలేదు.

తేలకపోవడమేమిటో గౌరీసుకి అర్థం కాలేదు. పదేళ్ళుగా చెలికత్తె వేషాలు కట్టి కట్టి విసిగిపోయి ఉన్నాడు. గురువుగారి జడ ఎప్పుడూ సవరమే, తనదేమో సొంత జుట్టు.

ఒక చిన్న ఊళ్ళో ఆయన అతనికి ఒకసారి అవకాశం ఇచ్చి చూశారు. గౌరీసు జడ విప్పి, తల ఒక్క విసురు విసిరాడు. జుట్టు కొరడాలా గాల్లో తిరిగింది. ఈలలు ఆగలేదు.

మర్నాడు గురువుగారింటికి వెళ్ళి, తీర్థంలో వేషం తనకేనా అని అడిగాడు.

తవిటయ్య అరుగు మీద కూర్చుని గజ్జెలు కుడుతున్నారు. తలెత్తలేదు.

"నిన్న ఈలలు ఎవులేశారు?"

"మగోళ్ళు, గురువుగారూ."

"ఆడోళ్ళు ఏటి సేస్తన్నారు?"

గౌరీసు ఆలోచించాడు. అటువైపు చూడనేలేదు. చూడలేదని చెప్పడానికి మొహమాటపడి, వాళ్ళకి కూడా బాగానే నచ్చినట్టుందన్నాడు.

గురువుగారు లేచి లోపలికెళ్ళి ఒక పాత రేకు పెట్టె తెచ్చి అతని ముందు పెట్టారు. నిండా చిన్న చిన్న గుడ్డ మూటలు. ఒక్కోటి ఒక్కో పాతచీర పీలికతో ముడివేసి ఉంది. విప్పి చూస్తే వెంట్రుకలు, చిక్కులు పడి ఉండలు కట్టినవి.

"మీ అమ్మకి సవరం కట్టు. తరవాత వేషం సంగతి మాటాడదాం."

అమ్మ అంటే గురువుగారి భార్య పారమ్మ. ముసురు రోజుల్లో ఆమెకి విషజ్వరం వచ్చి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ జుట్టు పట్టుకుపోయింది. ఎలక తోకంత పిలక మిగిలింది. అప్పటినుంచి పైట తల మీదికి లాక్కుని ఇంట్లోనే ఉంటోంది. పేరంటానికి పిలవడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే బొట్టు పెట్టి, నువ్వు రాలేవులే అనేసి, ఆమె బదులు చెప్పేలోగా వెళ్ళిపోయేవారు. ముత్తైదువ తల అలా బోసిగా ఉండకూడదని పక్కింటావిడ గోడవతల అన్న మాట గోడ ఇవతలికి బాగానే వినపడింది. అప్పుడు గౌరీసు ఆమెని ఓదార్చాడు కూడా. జుట్టే కదమ్మా, పోతే పోయింది, మళ్ళీ రాదా అన్నాడు. అన్నప్పుడు వాళ్ళ పెరట్లోనే నిలబడి, నడుం దిగిన తన జుట్టు ఎండబెట్టుకుంటున్నాడు.

సరే, జుట్టు సంగతి తనకి తెలిసినంత ఎవరికి తెలుసని గౌరీసు పని మొదలుపెట్టాడు. ఒక్క రోజులో నాలుగు మూటలు విప్పి, చిక్కులు లాగి, ఒక పాయ కట్టి పారమ్మ చేతికి ఇచ్చాడు. ఆమె దువ్వెన పెట్టింది. రెండోసారి దువ్వేసరికి పాయంతా ముడుచుకుని పిచ్చుక గూడైంది.

పారమ్మ నవ్వింది. జ్వరం వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

"ఒరే, ఇంత జుట్టేసుకు తిరుగుతావు. మొదలేదో సివరేదో తెల్దా నీకు? కొన్ని అటూ కొన్ని ఇటూ కట్టీసినావు."

ఆమె ఒక వెంట్రుక తీసి అతని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, ముందుకీ వెనక్కీ నలపమంది. నలిపితే వెంట్రుక దానంతటదే ఒకవైపుకి జరిగింది.

"మొదలున్న వైపుకే నడుస్తాది. అలగ ఒక్కోటి సూసుకో. మొదళ్ళన్నీ ఒకదిక్కు పెట్టి కట్టాల."

ఒక్కోటి. గౌరీసు ఆ పెట్టెకేసి చూశాడు. తీర్థానికి ఇరవై రోజులుంది.

ఆ ఇరవై రోజులూ పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. తన జుట్టు ముడేసుకుని పైన తువ్వాలు కట్టేసేవాడు, లేకపోతే అది ఆమె వెంట్రుకల్లో పడి కలిసిపోయేది. అద్దం ముందు గంట కాస్తా పావుగంటైంది. పారమ్మ గోడకి జేరబడి చూస్తూ ఉండేది. ఏటా దువ్వెనకి వచ్చిన వెంట్రుకలన్నీ వేలికి చుట్టి దాచి, ఉగాది తలంటుకి ముందు మూట కట్టేదట. మూట విప్పినప్పుడల్లా ఆ పీలిక ఏ చీరదో చెప్పేది.

ఎర్రది పెళ్ళిచీర. మీ గురువు మొదటిసారి రాణి వేషానికి అడిగి పట్టుకెళ్ళి, చింపుకొచ్చాడు. ఈ పసుపుది మా పిన్ని పెట్టింది. ఈ పెద్ద మూట చూడు, గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఊడిపోయేది, పాలిచ్చే తల్లికి జుట్టు నిలవదు కదా. అలా చెప్పుకుంటూ పోయేది. గౌరీసు ఊ కొట్టేవాడు. అతని ధ్యాసంతా వేళ్ళ మధ్య వెంట్రుక ఎటు నడుస్తోందన్న దాని మీదే.

ఆ పెద్ద మూట తరవాతది నీలం అంచు పీలిక. గట్టిగా రెండు ముళ్ళు వేసి ఉంది. గోళ్ళతో పీకి, పళ్ళతో లాగి విప్పాడు. లోపల ఏమీ లేదు.

"ఇదేటమ్మా, ఖాళీ మూట. ఎలకలు కొట్టేసినట్టున్నాయి," అని పైకే నవ్వాడు.

పారమ్మ చెయ్యి చాపింది. అతను పీలిక ఇచ్చాడు. దాన్ని మోకాలి మీద పరిచి, ముడతలు సాపుచేసి, మళ్ళీ రెండు ముళ్ళు వేసి, పెట్టెలో ఉన్నచోటే పెట్టింది. పొయ్యి మీద ఎసరు చూసొస్తానని లోపలికెళ్ళింది.

గజ్జెలు కుడుతున్న తవిటయ్య సూదిలోకి దారం ఎక్కించుకుంటూ అన్నారు.

"ఆ ఏడు మీ అమ్మ దువ్వుకోనేదురా."

ఆ ఇంట్లో పిల్లలు లేరని గౌరీసుకి పదేళ్ళుగా తెలుసు. ఎప్పుడూ లేరనే అనుకున్నాడు.

అతను మళ్ళీ వెంట్రుకలు పట్టుకున్నాడు. ఎన్ని నలిపినా ఏది మొదలో కాసేపు తెలియలేదు.

తీర్థం ముందురోజుకి సవరం తయారైంది. మూడు పాయలు, కింద నల్లగా, పైకి వచ్చేసరికి అక్కడక్కడా నెరుపు. అమ్మేవాళ్ళ దగ్గర కొంటే ఇంతకంటే నిగనిగలాడేది దొరుకుతుంది. పారమ్మ దాన్ని పిలకకి కట్టుకుని, కొప్పు చుట్టుకుని, రెండు చేతులతో తడిమి చూసుకుంది. బరువుందన్నది. చాలా రోజుల తరవాత బరువుందన్నది. గురువుగారు ఇన్నాళ్ళూ కుట్టిన రాణి వేషం గజ్జెల జత తీసి గౌరీసు ముందు పెట్టారు.

మర్నాడు పొద్దు వాలుతుండగా ఆట మొదలైంది. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో, తల మీద పైట లేకుండా, కొప్పులో బంతిపువ్వుతో పారమ్మ కూర్చుని ఉంది. పక్కింటావిడ ఆమెకి చోటిచ్చి జరిగింది.

రాజు పడిపోయాడన్న కబురు వచ్చింది. గౌరీసు జడ ముందుకి తెచ్చుకున్నాడు. విసరాలన్న సంగతి మర్చిపోయాడు. పాయ తరవాత పాయ విప్పుతూ పోయాడు. విప్పడం అయ్యాక వేళ్ళకి నాలుగు వెంట్రుకలు అంటుకుని వచ్చాయి. వాటిని చూపుడువేలికి చుట్టాడు. చిన్న ఉండ చేశాడు. ఎక్కడ పెట్టాలో తోచనట్టు అటూ ఇటూ చూసి, చివరికి చీర కొంగున ముడి వేసుకున్నాడు. నేర్చుకున్నదీ కాదు, ఎవరో చెప్పిందీ కాదు. చేతులు చేసుకుపోయాయి.

ఒక్క ఈలా రాలేదు. గౌరీసు భయపడ్డాడు. ఈసారి చూడాలని గుర్తొచ్చి, ఆడవాళ్ళ వైపు చూశాడు. వరసలన్నిటా పైటకొంగులు కళ్ళ దగ్గరే ఉన్నాయి.

ఆట అయ్యాక గురువుగారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఆయన అతని భుజం పట్టుకుని లేచి, మోకాళ్ళు నొప్పులుగా ఉన్నాయని, బండి ఎక్కడుందో చూడమన్నారు. అంతకుమించి ఆయన మెచ్చుకోలు ఎవరికీ దక్కలేదు.

పారమ్మకి చెప్పాలని గౌరీసు చాలా మాటలు కూడబెట్టుకున్నాడు. ఎదురుగా వెళ్ళేసరికి ఒక్కటే బయటికి వచ్చింది.

"అమ్మా, సవరం సరిగ్గా నిల్చిందా?"

"నిల్చిందిరా నాన్నా," అంది ఆమె.

ఇది జరిగి ఎన్నో ఏళ్ళైంది. గౌరీసు జుట్టు కూడా ఇప్పుడు ఎలక తోకంతే ఉంది. అయినా అద్దం ముందు గంట మానలేదు, అది గురుభక్తి అనడం మాత్రం మానేశాడు. రాణి వేషం అతనికి పేరు తెచ్చింది, అన్నం పెట్టింది. ఏటా ఉగాదికి ఓ సీసా కొబ్బరినూనె పట్టుకుని ఆ ఇంటికి వెళ్తాడు. పెట్టెలో నీలం అంచు మూట ఉన్నచోటే ఉంటుంది. ఆ వైపు చూసి, పారమ్మని చూసి, ఈసారైనా చెప్పాలనుకుంటాడు.

సవరం సంగతి అడిగి వచ్చేస్తాడు. ఆమెకి కృతజ్ఞత ఎలా చెప్పాలో అతను ఇంకా నేర్చుకోలేదు.