గవరమ్మ ఇంటి పొగగొట్టం

అనగనగా ఒక అడవిలో, అంటే మామూలు అడవి కాదు, చలికి పుట్టినిల్లనదగ్గ కొండ మీది అడవిలో, గవరమ్మ అనే ఉడుత కాపురం ఉండేది. ఆ కొండ మీద చలి ఎంతంటే, ఒకసారి నక్క బండ మీద కూర్చుని లేచేసరికి దాని నీడ బండకు అతుక్కుపోయింది. పాపం, మూడు రోజులు నీడ లేకుండానే తిరిగింది. నాలుగో రోజు ఎండ కాశాక వచ్చి ఊడదీసుకుపోయింది. నమ్మకపోతే నక్కనే అడగండి.

గవరమ్మ ఇల్లు బండ మీద కూలిన ఒక పెద్ద మద్దిమాను తొర్ర. ఆమె మొగుడు అప్పలకొండ. వాళ్లకి ముగ్గురు కూనలు పుట్టారు. కళ్లు తెరవలేదు, ఒంటి మీద నూగైనా లేదు. ఒక్కొక్కటీ చింతగింజంత. ఆఖరిదైతే చింతగింజలో సగం.

పోయిన చలికాలం గవరమ్మకు ఒక కూన పుట్టింది. అది చలికి దక్కలేదు. ఆ మాట గవరమ్మ ఎవరితోనూ అనేది కాదు. ఈసారి మాత్రం ముగ్గురినీ పొట్ట కింద పెట్టుకుని మొగుడితో గట్టిగా చెప్పింది.

"మనింట్లో పొయ్యి పెట్టించాలి."

"చెక్క ఇంట్లో నిప్పేంటే?" అన్నాడు అప్పలకొండ.

"అందుకే తెలిసినవాళ్ల చేత పెట్టించాలంటున్నాను. నువ్వు పెడితే ఇల్లే పొయ్యి అవుతుంది."

అప్పలకొండ వెళ్లి చెదపురుగుల మేస్త్రి బంగారయ్యను పిలుచుకొచ్చాడు. మట్టిపనిలో ఆయన్ని మించినవాడు పద్నాలుగు కొండల్లో లేడు. లక్షా ముప్పై వేల మంది కూలీలతో వచ్చాడు. వరసలో మొదట నడిచేవాడు ఇంట్లో అడుగు పెట్టేసరికి చివరివాడు ఇంకా అవతలి కొండ దిగుతున్నాడు.

వాళ్లని చూడగానే గవరమ్మ చెక్కగోడకు అడ్డంగా నిలబడింది. "మేస్త్రీ, మీ భోజనానికి బయట ఒక దుంగ పెట్టాను. ఇల్లు మాత్రం ముట్టకండి" అంది.

"పనికెళ్లిన ఇంట్లో గోడ నాకం తల్లీ. మాకూ ఓ పద్ధతుంది" అన్నాడు బంగారయ్య.

పని మొదలైంది. ముందు నేల మీద రాతిపలక పరిచారు. చెక్కగోడకు తోకెడు దూరం వదిలారు. వెనకాల జానెడు మందాన మట్టిగోడ లేపారు. ఆ తర్వాతే పొయ్యి కట్టారు. పొయ్యి మీంచి మట్టిగొట్టం పైకి లేపి, కప్పులోంచి బయటకు తీశారు. గొట్టం చెక్కను దాటే చోట చుట్టూ లావుగా మట్టి మెత్తారు, వేడి చెక్కకు తగలకుండా. గొట్టం కొసని కప్పుకంటే ఎత్తుగా నిలబెట్టి, వాన పడకుండా పైన చిన్న గొడుగు పెట్టారు. ఆఖరున పొయ్యి పక్కన, గోడ అడుగున ఒక కన్నం తొలిచారు.

"అదెందుకు మేస్త్రీ?" అంది గవరమ్మ.

"నిప్పుకి గాలి కావాలి. ఆ గాలి లోపలికి రావడానికి ఇది. వాడేసిన గాలి బయటకు పోవడానికి అది" అని గొట్టం చూపించాడు. "మా పుట్ట చూశావుగా. దాని కన్నాలు మూస్తే పొద్దుగూకే లోపు లక్షమందిమీ పోతాం."

తర్వాత ఆయన గవరమ్మను ఎదురుగా కూర్చోబెట్టి మూడు మాటలు చెప్పాడు.

"ఒకటి. ఎండిన కట్టెలే పెట్టు. పచ్చి కట్టె పెడితే గొట్టం నిండా మసి పేరుకుంటుంది. ఒకనాడు ఆ మసే అంటుకుంటుంది. నెలకోసారి గొట్టం దులిపించు.

"రెండు. పొయ్యి దగ్గర గడ్డి, దూది, ఎండాకు ఏదీ ఉండకూడదు. బూడిద ఎత్తితే మట్టికుండలో ఎత్తు. మూతపెట్టి బయట ఉంచు. చల్లారిందనుకున్న బూడిదలో కూడా నిప్పు దాక్కుంటుంది.

"మూడు. నిప్పు ఉన్నంతసేపు ఈ కన్నం మూయకు, ఆ గొట్టం మూయకు. పొగ లేకపోయినా సరే, మూయకు. పొగదేముంది, కంటికి కనిపిస్తుంది, దగ్గుకుంటూ బయటకు పరిగెడతాం. ఎర్రటి నిప్పుల్లోంచి ఇంకొకటి వస్తుంది తల్లీ. దానికి రంగు లేదు, వాసన లేదు. జోకొట్టి నిద్రపుచ్చుతుంది. మళ్లీ లేపదు."

గవరమ్మ మూడింటికీ తలూపింది. కానీ మూడో మాట దగ్గర ఆమె ముందుకాళ్లు జివ్వుమన్నాయి. ఎందుకంటే ఉడుతల వంశంలో ఒక ఆచారం ఉంది. ఇంట్లో కన్నం కనిపిస్తే కుక్కాలి. దూదో, నాచో, పీచో, ఏదో ఒకటి కుక్కాలి. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా పిల్ల ముఖం చూడరు, గోడలు చూస్తారు. కన్నం కనిపిస్తే "పిల్లకి ఇల్లు పెట్టుకోవడం రాదు" అని లేచిపోతారు. గవరమ్మ వాళ్ల ముత్తవ్వ కన్నాలు కుక్కీ కుక్కీ, ఒకరోజు పొరపాటున గుమ్మం కూడా కుక్కేసి పది రోజులు లోపలే ఉండిపోయింది. దాన్ని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

అయినా గవరమ్మ ఓర్చుకుంది. కన్నం వైపు చూడకుండా, దానికి వీపు పెట్టి కూర్చునేది. మేస్త్రి చెప్పినట్టే ఎండు కట్టెలు పెట్టింది. బూడిద కుండలోకే ఎత్తింది. ఒకసారి అప్పలకొండ బద్ధకించి పచ్చి కొమ్మలు తెచ్చాడు. ఇల్లంతా పొగ. దానికి గవరమ్మ పెట్టిన చీవాట్లకు ఆ కొమ్మలు వాటంతటవే ఎండిపోయాయి.

ఇల్లు వెచ్చగా ఉంది. కూనలకు నూగు వచ్చింది. చింతగింజలు కాస్తా ఉసిరికాయలయ్యాయి. ఆఖరిది కూడా బతికి బట్టకట్టేలా ఉంది.

ఇరవై ఒకటో రోజు బారసాల. అప్పలకొండ పొద్దున్నే మేస్త్రిని భోజనానికి పిలవడానికి వెళ్లాడు. అంతలో పొగమంచులోంచి అత్తగారు పైడమ్మ వచ్చింది. వెంట గవరమ్మ ఆడపడుచులు ఇద్దరు. పైడమ్మ తోక ఎంత పెద్దదంటే, అది గుమ్మం దాటేసరికి ఇంట్లోవాళ్లతో ఒక విడత పలకరింపులు అయిపోయేవి.

పైడమ్మ మనవల్ని చూడలేదు. గోడల్ని చూసింది.

"ఏమే గవరమ్మా, ఆ మూల కన్నమేంటే?"

"గాలికి అత్తా. పొయ్యికి గాలి కావాలట."

"మా కాలంలో గాలి బయట ఉండేదమ్మా. ఇంట్లోకి పిలిచి పీట వేసేవాళ్లం కాదు."

ఆడపడుచులు కిసుక్కుమన్నారు. గవరమ్మ చెవులు వెచ్చబడ్డాయి. ఒక్క పూటకే కదా అనుకుంది. వాళ్లు వెళ్లగానే తీసేద్దాం అనుకుంది. గుప్పెడు నాచు తెచ్చి అడుగు కన్నం కుక్కింది.

పైడమ్మ పీట మీద కూర్చుని తోక ముడుచుకుంది. "అమ్మా, ఈ తలుపు కింద సందులోంచి చలి నా తోకని కొరుకుతోంది. మా అబ్బాయి సంపాదించిన వెచ్చదనమంతా ఇలా కారిపోతోందన్నమాట."

గవరమ్మ ఆ సందులో ఆకులు దట్టించింది.

అప్పటికి పొయ్యిలో కట్టెలు కాలి ఎర్రటి నిప్పులయ్యాయి. మంట లేదు. పొగ లేదు. పైడమ్మ తలెత్తి గొట్టం వైపు చూసింది.

"అది మాత్రం నెత్తి మీద బావిలా ఉంది. ఉన్న వేడంతా అందులోంచే పోతోంది."

"అది మూయకూడదత్తా. మేస్త్రి మరీ మరీ చెప్పాడు."

"పొగ ఉందా?"

"లేదు."

"మరి పొగే లేనప్పుడు పొగగొట్టం ఎవరికే?"

గవరమ్మకు మేస్త్రి చెప్పినది గుర్తుంది, కానీ కంటికి కనిపించనిదాన్ని అత్తగారికి ఎలా చూపించడం?

పెద్ద ఆడపడుచు మెల్లిగా అంది. "పోనీలే అమ్మా, వదినకి చెదపురుగు మాటంటే గురి. మన మాటెందుకు వింటుంది."

ఆ మాట గుచ్చుకుంది. గవరమ్మ కప్పెక్కి, గొడుగు పక్కకు జరిపి, గొట్టం నోట్లో తడి నాచు ఉండ చేసి కుక్కింది. కిందికి దిగి తలుపు మూసింది. ఇల్లు నున్నగా, ఒక్క కన్నం లేకుండా, అచ్చం ముత్తవ్వ ఇల్లులా ఉంది. పైడమ్మ మొదటిసారి నవ్వింది.

"ఇప్పుడు కోడలి ఇంటికి వచ్చినట్టుంది."

బారసాల పాట మొదలైంది. పైడమ్మ పాట ఎత్తుకుంటే మామూలుగా ఏడు కొండలవతల కోతులు చెవులు మూసుకుంటాయి. ఆ రోజు రెండో చరణం దగ్గరే గొంతు జారింది. మూడో చరణం సగంలో ఆగింది.

"కాస్త తల నొస్తోందే" అంది పైడమ్మ. "మంచులో నడిచొచ్చాను కదా."

చిన్న ఆడపడుచు ఆవులించింది. పెద్దామె కడుపులో తిప్పుతోందని గోడకు జారబడింది. గవరమ్మకు కూడా కళ్లు బరువెక్కాయి. వెచ్చగా, హాయిగా ఉంది. పొద్దున్నించీ పని కదా, అందుకేలే అనుకుంది.

పేరు పెట్టడానికి ఆఖరి కూనను ఎత్తుకుంది. ఎత్తగానే అది రోజూ తన్నుకుని ఆమె ముక్కును గీరేది. ఈ రోజు గీరలేదు.

"బంగారుకొండ, ఎంత బుద్ధిగా పడుకుందో" అంది పైడమ్మ, కళ్లు మూసుకునే.

గవరమ్మ చేతిలో కూనను చూసింది. ఉడుత కూన నిద్రపోతే ఉండలా చుట్టుకుంటుంది. చలికైనా అంతే, కలలోనైనా అంతే. ఇది చుట్టుకోలేదు. తడిసిన దారంలా వేలాడుతోంది.

జోకొట్టి నిద్రపుచ్చుతుంది అన్నాడు మేస్త్రి. మళ్లీ లేపదు అన్నాడు.

గవరమ్మ లేవబోయింది. కాళ్లు తనవి కానట్టున్నాయి. పడింది. పాకుతూ తలుపు దాకా వెళ్లి, భుజంతో తోసింది. కింద కుక్కిన ఆకులు అడ్డంపడ్డాయి. మళ్లీ తోసింది. మూడోసారి ఒళ్లంతా వేసి తోస్తే తలుపు తెరుచుకుంది. మంచుగాలి మొహాన కొట్టింది.

"తలుపు మూయవే, చలి" అని గొణిగింది పైడమ్మ.

"చలికి దుప్పటి కప్పుకుందాం అత్తా. ఊపిరికి ఏం కప్పుకుంటాం? లే, బయటకు పద" అంది గవరమ్మ.

ఆఖరిదాన్ని నోట కరుచుకుని బయట బండ మీద పడుకోబెట్టింది. మిగతా ఇద్దరినీ తెచ్చింది. ఆడపడుచుల్ని మెడపట్టి ఈడ్చింది. అత్తగారిని తోక పట్టుకుని లాగింది. ఆ తోక లాగడానికి ఏనుగులు పన్నెండు కావాలి, గవరమ్మ ఒక్కతే లాగింది. తర్వాత తూలుకుంటూ కప్పెక్కి గొట్టంలోని నాచు పీకి పారేసింది.

బయట ఎంత చలి వేసినా, మళ్లీ ఇంట్లోకి ఎవరినీ పోనివ్వలేదు.

పెద్ద కూనలు ఇద్దరూ గాలి తగలగానే కీచుమన్నారు. ఆఖరిది కదల్లేదు. గవరమ్మ దాన్ని తన తోకలో చుట్టి, మొహం మాత్రం గాలికి పెట్టి కూర్చుంది. పైడమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ కొండ మీద అది జరగడం అదే మొదలు.

చాలాసేపటికి కూన నోరు కొద్దిగా తెరిచింది. ఒక ఊపిరి తీసింది. ఆగింది. ఇంకొకటి తీసింది. తర్వాత కాలు జాడించి వాళ్లమ్మ ముక్కును గట్టిగా గీరింది.

గవరమ్మ అప్పుడు ఏడ్చింది.

అప్పటికి అప్పలకొండ, బంగారయ్య వచ్చారు. బండ మీద అందరూ ఒకరినొకరు ఆనుకుని కూర్చుని ఉన్నారు. బంగారయ్య కప్పు మీద పడి ఉన్న నాచు చూశాడు, తలుపు కింది ఆకులు చూశాడు. లోపలి గాలి అంతా పోయేదాకా ఆగి, నిప్పుల్ని మట్టికుండలోకి ఎత్తించి బయట పెట్టించాడు. అడుగు కన్నంలోని నాచు తానే లాగేశాడు.

"ఎవరు మూశారు?" అన్నాడు.

ఆడపడుచులు వాళ్లమ్మ వైపు చూశారు. పైడమ్మ ఆకాశం వైపు చూసింది.

"నేనే మేస్త్రీ" అంది గవరమ్మ. "నా చేత్తోనే మూశాను. తెలిసి మూశాను. నలుగురూ నవ్వుతున్నారని మూశాను."

బంగారయ్య తిట్టలేదు. "నా మాట నీ కూనల ప్రాణం కోసం తల్లీ. నాకేం, నాకు పుట్ట ఉంది" అన్నాడు. ఆ మాట కంటే తిట్టినా బాగుండేది.

బారసాల ఆ బండ మీదే జరిగింది, పొగమంచులో, వణుకుతూ. పళ్లు కొట్టుకునే చప్పుడే మేళం. గవరమ్మ మళ్లీ పొయ్యి వెలిగించింది మర్నాడే. ఎండు కట్టెలు, తెరిచిన కన్నం, తెరిచిన గొట్టం.

ఇక పైడమ్మ సంగతి. ఆవిడ వారం తిరక్కుండా ముప్పై ఆరు చెట్లు ఎక్కి దిగింది. ఎక్కిన ప్రతి చెట్టు మీదా ఒకటే మాట. "నేనే మా కోడలికి చెప్పాను, పొయ్యి ఉన్న ఇంట్లో కన్నం ఉండాల్సిందే అని. అది వినలేదు. వినకపోతే ఏమైందో చూశారా. కన్నం లేని ఇంట్లో నేను మంచినీళ్లు కూడా ముట్టను."

అప్పలకొండకు ఒళ్లు మండింది. "నిజం చెప్పి వస్తాను" అని లేచాడు.

"కూర్చో" అంది గవరమ్మ. "మీ అమ్మ చెప్పిన ముప్పై ఆరు ఇళ్లలో ఇప్పటికి ముప్పైమంది పొయ్యితోపాటు కన్నం కూడా పెట్టించుకున్నారు. నువ్వు వెళ్లి ఆవిడ మాట అబద్ధమంటే, అందరూ మళ్లీ కుక్కేసుకుంటారు. మంచి పేరు ఆవిడకే పోనీ. పిల్లలు బతికితే చాలు."

నీతి: నలుగురు నవ్వుతారని తెలిసినవాళ్ల మాట తోసిపుచ్చకూడదు, ఇంట్లో నిప్పు పూర్తిగా ఆరేదాకా గాలి వచ్చే దారినీ, పొగ పోయే దారినీ మూయకూడదు.