రెండు బరుల చుక్కి

జొన్న కోతలు అయిపోయి చేలల్లో మోళ్ళు మిగిలే వేళకు జిల్లేళ్ళవాగు లోయలో జంతువులకు చెడుగుడు తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు. వాగొడ్డు వాళ్ళకో జట్టు, గుట్టకింద వాళ్ళకో జట్టు, చింతతోపు వాళ్ళకో జట్టు. ఎవరి జట్టు వాళ్ళకు ప్రాణం. వాగొడ్డులో పుట్టిన మేక ఆకలినైనా ఓర్చుకునేది గానీ, గుట్టకింద వాళ్ళ చేతిలో ఓడిన రోజున మేత ముట్టేది కాదు.

మైలన్న అనే ముసలి ఎద్దు రోజూ సాయంత్రం వచ్చి బరి పక్కన కూలబడి నెమరేసేవాడు. నెమరులోకి వచ్చేది మేత కొంచెం, పాత రోజులు ఎక్కువ. ఆయన వయసులో ఉన్నప్పుడు ఏడాదికి ఒకటే ఆటల కాలం. ఒకే చేలో పక్కపక్కన మూడు నాలుగు బరులు బూడిదతో గీసేవాళ్ళు. ఓడినవాళ్ళు జొన్న చొప్ప మోసుకొచ్చి పెడితే గెలిచినవాళ్ళు, ఓడినవాళ్ళు కలిసే నమిలేవాళ్ళు. తిట్టుకున్న తిట్లు ఆ చొప్పతో పాటే అరిగిపోయేవి.

తరవాత లోయకంతా కలిపి ఒక జట్టు పుట్టింది. ఏటా కొండవతల వాళ్ళతో పోటీ. మొదటి ఏడు ఆ జట్టులోకి మైలన్ననూ, ఆయన కాడి జోడు పుల్లన్ననూ పిలిచినప్పుడు వాగొడ్డంతా వెనకాలే నడిచి సాగనంపింది. ఆ నడక తలుచుకుంటే మైలన్నకు ఇప్పటికీ ఒళ్ళు పొంగుతుంది. అయితే పుల్లన్నకు ఎవరికీ కాదని చెప్పడం చేతకాదు. పొద్దున లోయ పిలిస్తే వెళ్ళాడు, సాయంత్రం ఊరు పిలిస్తే వచ్చాడు. ఒకనాడు పడి లేచాడు, ఇంకోనాడు పడి లేవలేకపోయాడు. ఆ తర్వాత వాడు కాడి కిందకూ రాలేదు, బరిలోకీ రాలేదు. కట్టేసిన చోటే నిలబడి, దూరాన కూత వినబడినప్పుడల్లా ఆ వైపు తల తిప్పేవాడు. పుల్లన్న పోయి చాలా కాలమైనా, మైలన్నకు ఆ తల తిప్పడం గుర్తొస్తే నెమరు ఆగిపోతుంది.

అలాంటి మైలన్న కళ్ళ ముందుకు ఒక సాయంత్రం చుక్కి కుంటుకుంటూ వచ్చింది.

చుక్కి అంటే చుక్కలజింక పిల్ల. కూత అందుకుని అవతలి పక్షంలోకి దూకిందంటే తాకినవాణ్ణి తాకినట్టే ఉంచి తిరిగొచ్చేది. ఇంతవరకూ దాని కూత మధ్యలో తెగిన పాపాన పోలేదు. వాగొడ్డు వాళ్ళకు అదే దిక్కు, లోయ జట్టుకూ అదే దిక్కు.

"ఏందే అమ్మాయ్, మూడు కాళ్ళ మీద వస్తన్నావు?" అన్నాడు మైలన్న.

"ఏం లేదు తాతా. ముల్లు గుచ్చుకుంది."

"మోకాటికా గుచ్చుకునేది ముల్లు? ఇట్రా."

ముట్టెతో తాకి చూశాడు. మోకాలు వాచి, వేడిగా కాలిపోతోంది. చుక్కి పంటి బిగువున నిలబడింది.

"పొద్దున నాపరాళ్ళ మిట్ట మీద లోయ జట్టుతో సాధన, సాయంత్రం ఇక్కడ. కాస్త అలిసింది, అంతే" అంది.

"ఇద్దర్లో ఒకరికి రానని చెప్పగూడదా?"

"ఎట్టా చెప్పేది తాతా? గడ్డమయ్య మావకు చెబితే, ఈ వాగు నీళ్ళు తాగి పెరిగావు గదే అంటాడు. నాగలింగం గారికి చెబితే, లోయ పరువు నీ కాళ్ళ మీద ఉందంటాడు."

"ఊరి నీళ్ళూ లోయ పరువూ మొయ్యను నీ కాళ్ళున్నయ్యి. మరి నిన్ను మోసేదానికి ఏ కాళ్ళున్నయ్యే?"

చుక్కి నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. అడకత్తెరలో పోకచెక్కకు నవ్వెక్కణ్ణుంచి వస్తుంది? "కాలు పోతే నేనింక ఆడలేను గదా తాతా" అంది నెమ్మదిగా. ఆ మాట అది ఎవరితోనైనా అనడం అదే మొదలు.

ఇంతలో వాగొడ్డు జట్టు పెద్ద, మేకపోతు గడ్డమయ్య, గడ్డం ఊపుకుంటూ వచ్చాడు. "మైలన్నా, దానికి లేనిపోనియ్యి నూరిపొయ్యమాక. రేపు గుట్టకింద వాళ్ళతో చివరి ఆట. రెండు కూతలు పెట్టి కూసుంటే చాలు."

"ఆ రెండు కూతలకే కాలు పోతేనో?"

"పోదులే. కాస్త ఒండ్రు రాస్తే అదే తగ్గుద్ది. మా కాలంలో మేమాడలా?"

"మన కాలంలో నువ్వు బరి పక్కన కూసోని కంప నమిలేవాడివి గడ్డమయ్యా. నాకు గుర్తుంది."

గడ్డమయ్య గడ్డం ఊపడం ఆపి, వేరే పని ఉన్నట్టు వెళ్ళిపోయాడు. ఊరివాడితో పనయ్యేలా లేదని మైలన్న మర్నాడు పొద్దున్నే లోయ జట్టు కార్యదర్శి నక్క నాగలింగం గారు ఉండే బండరాయి దగ్గరికి వెళ్ళాడు. నాగలింగం జన్మలో ఒక్క కూత పెట్టినవాడు కాదు. కానీ కూత ఎలా పెట్టాలో అడిగితే పొద్దుగూకేదాకా చెబుతాడు.

"ఆటగాళ్ళ బాగోగుల గురించి నాకు చెప్పాలా మైలన్నా?" అన్నాడు నక్క తోక సర్దుకుంటూ. "వాళ్ళ మీద దిగులుతో తిండి సయించడం లేదనుకో."

అన్నాడు గానీ, మూతికి అప్పుడే తిన్న పీత డిప్ప ఇంకా అంటుకునే ఉంది.

"అట్టయితే పిల్లకు మోకాలు తగ్గిందాకా విడుపియ్యి."

"ఇస్తా. కొండవతల ఆట ముగిశాక ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళిస్తా."

"ఇయ్యాల సాయంత్రం ఊరి ఆట గూడా ఉందయ్యా."

"ఊరి ఆటా? అదీ ఒక ఆటేనా? నేను ఇయ్యాల సాయంత్రమే మిట్ట మీద సాధన పెట్టా. ఆట మధ్యలో ఉన్నా సరే, నేనే వచ్చి పిల్లను తోలుకుపోతా. చుక్కినే కాదు, రెండు ఊళ్ళ నుంచి నేను ఏరుకున్న వాళ్ళందర్నీ."

ఎద్దు పుండు కాకికి ముద్దని ఊరికే అన్నారా అనుకుంటూ మైలన్న వెనుదిరిగాడు.

దారిలో ఆయన పాత జొన్నచేను మీదుగా నడిచాడు. అక్కడే ఒకప్పుడు నాలుగు బరులు పక్కపక్కన ఉండేవి. ఎంత సందడి, ఎంత దుమ్ము, ఎన్ని తగువులు. తగువులు కూడా ఇప్పుడు తీపిగానే గుర్తొచ్చాయి. వాటిల్లో ఒకటి తలుచుకుని నడక ఆపేశాడు. చెడుగుడులో చచ్చినవాడు గీత బయట కూర్చోవాలి, తన పక్షం వాళ్ళు అవతలివాణ్ణి ఒకణ్ణి చంపితేనే మళ్ళీ బతికి లేవాలి. ఆ రోజుల్లో కొందరు తెలివిమంతులు ఒక బరిలో చచ్చి, ఊరికే కూర్చోవడం దేనికని పక్క బరిలో దూరి ఆడేవాళ్ళు. దాంతో కొమ్ములు విరిగేదాకా వచ్చింది. అప్పుడు పెద్దలంతా కూర్చుని, చచ్చినవాడు తన వాళ్ళు బతికించేదాకా ఏ బరిలోనూ అడుగు పెట్టకూడదని కట్టుబాటు చేశారు. ఇవతలి వాళ్ళూ, కొండవతలి వాళ్ళూ అందరూ ఒప్పుకున్నారు.

మైలన్న చాలా కాలానికి ఒక్కడే నవ్వుకున్నాడు.

సాయంత్రం ఆట మొదలయ్యే ముందు చుక్కిని పక్కకు పిలిచాడు. "మొదటి కూతకే వెళ్ళు. వాళ్ళ పక్షంలో నిలబడి కూత ఆపెయ్. ఎవురో ఒకరు తాకుతారు. పెనుగులాడమాక. వచ్చి గీత బయట కూసో."

చుక్కి తెల్లబోయింది. "నేనా? నా కూత ఎప్పుడన్నా తెగిందా తాతా? ఊరంతా ఏమనుకుంటది?"

"ఈ పూట తిడతారు. కాలు పోతే బతికినన్నాళ్ళూ జాలిపడతారు. రెంటిలో ఏది నయమో నువ్వే చూసుకో."

చుక్కి వాచిన మోకాలు ఒకసారి నాక్కుంది. తర్వాత బరిలోకి నడిచింది.

గీత పెద్ద, తాబేలు తిరుపాలు, బరి మధ్య కర్ర పెట్టి ఆట మొదలెట్టించాడు. చుక్కి కూత అందుకుంది. గుట్టకింద వాళ్ళ పక్షంలోకి నాలుగడుగులు వేసి, ఉన్నట్టుండి నోరు మూసేసింది. ఒక కుందేలు భయపడుతూనే వచ్చి తాకి, తాను చేసిన పనికి తానే బిత్తరపోయి నిలబడింది. చుక్కి వచ్చి గీత బయట కూర్చుంది. గడ్డమయ్య తిట్టిన తిట్లు వింటూ తల వంచుకుంది గానీ, కన్నీళ్ళు ఆగలేదు. మైలన్న అది చూశాడు. అయినా కదల్లేదు.

ఆట సగానికి రాకముందే, వాగొడ్డు వాళ్ళు రెండు ప్రాణాలు వెనకబడి ఉండగా, నాగలింగం దిగాడు.

"చూశావా మైలన్నా, ఇక్కడ ఊరికే కూచునే పిల్లను నాకియ్యడానికి ఏడుస్తన్నారు మీరు. లే అమ్మాయ్, పోదాం."

మైలన్న లేచి ఎదురొచ్చాడు. "నీకు దణ్ణం పెడతా నాగలింగం, ఆట ఆపమాక. కాసేపు ఓపిక పడితే మనవాళ్ళు ఒకణ్ణి చంపుతారు, అది బతుకుద్ది, ఆట ముగుస్తది. అప్పుడు నీ ఇష్టమొచ్చినట్టు తోలుకుపో."

ఆ చెప్పినట్టు చేసి ఉంటే నక్కకు అన్నీ కలిసొచ్చేవి. కానీ నాగలింగం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఎద్దు వద్దన్నాడంటే అదే చెయ్యాలి.

"ఆపమాకంటే? లోయ జట్టు కార్యదర్శిని నేను. ఆట ఆపాను. నా వాళ్ళంతా బయటికి రండి."

తిరుపాలు మెడ బయటికి చాచాడు. "ఆపమన్నది నువ్వేగా?"

"నేనే. పదిమందిలో చెబుతున్నా."

తిరుపాలు కర్ర తీసేశాడు. "ఆట ఆగింది."

నక్క పిలిచినవాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చారు. చుక్కి మాత్రం కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

"నీకు వేరే చెప్పాలా?" అన్నాడు నాగలింగం.

"దాన్నెట్టా లేపుతావయ్యా?" అన్నాడు తిరుపాలు. "చచ్చి కూసుంది గదా. దాని వాళ్ళు బతికించిందాకా ఏ బరిలోనూ అడుగు పెట్టగూడదు. మిట్ట మీదైనా అంతే, కొండవతలైనా అంతే."

"ఆ కట్టుబాటు ఏనాటిదో!"

"ఏనాటిదైతేనేం? కొండవతల వాళ్ళు మర్చిపోలా. నువ్వు దాన్ని ఆడిస్తే, నీ గెలుపు చెల్లదంటారు."

నాగలింగం బరి వైపు తిరిగాడు. "అయితే ఆట మళ్ళీ మొదలెట్టండి. ఎవర్నో ఒకర్ని తొందరగా చంపండి."

"ఆపడం నీ నోటితో అయింది" అన్నాడు తిరుపాలు. "మొదలెట్టడం రెండు ఊళ్ళ పెద్దల చేతిలో ఉంది."

గుట్టకింద జట్టు పెద్ద, ఎలుగుబంటి జుత్తయ్య, తీరిగ్గా వీపు గోక్కున్నాడు. "నాకేం తొందర లేదబ్బా. పొద్దున నీ మిట్ట మీద, సాయంత్రం నా బరిలో ఎగిరెగిరి నా కుందేళ్ళు కూడా కుంటుతుండయి. ఉగాదికి ఆడదాం."

ఇక మిగిలింది గడ్డమయ్య. మైలన్న ఆయన చెవి దగ్గరికి వచ్చాడు. "రెండు ప్రాణాలు వెనకబడి ఉన్నావు. ఇప్పుడే కుంటి చుక్కితో ఆడతావా, ఉగాదికి నాలుగు కాళ్ళ చుక్కితో ఆడతావా?"

గడ్డమయ్య అప్పుడు మొదటిసారి వంగి ఆ మోకాలు చూశాడు. చూసిన తర్వాత ఆయన గొంతు మారిపోయింది. "ఇంత వాచిందా? చెప్పవేందే పిచ్చిదానా" అన్నాడు. ఆమాటకొస్తే చెప్పనిచ్చిందెవరని ఎవరూ అడగలేదు. ఉగాదికే ఖాయం చేశారు.

కొండవతల పోటీ నాటికి నాగలింగం జట్టులో ఒకరు తక్కువయ్యారు. పూర్తి జట్టు లేకపోతే ఆట లేదన్నారు అవతలి తోడేళ్ళు. ఎవరిని అడిగినా కాలు నొప్పి, నడుం నొప్పి. చివరికి లోయ పరువు కోసం కార్యదర్శి గారే బరిలో దిగాల్సి వచ్చింది. ఇన్నేళ్ళు అందరికీ నేర్పిన కూత ఆయనకు మూడో అడుగులోనే తెగింది. తోడేళ్ళు మీద పడ్డాయి. తిరిగొచ్చేటప్పుడు గాడిద వీపు మీద వచ్చాడు.

ఉగాదికి ఎవరు ఆగిన చోట వాళ్ళను నిలబెట్టి తిరుపాలు ఆట సాగించాడు. గడ్డమయ్య ఆయాసపడుతూనే ఒక కుందేలును తాకాడు. చుక్కి లేచింది. మోకాలు సన్నగా, చక్కగా ఉంది. అది కూత అందుకుని గాలిలోకి లేస్తే, విని చాలా కాలమైన చప్పుడు విన్నట్టు మైలన్నకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. తన వయసు, తన వాళ్ళు, అన్నీ ఆ ఒక్క ఊపిరిలో కనబడ్డాయి ఆయనకు. గెలిచిందెవరని వాగొడ్డు వాళ్ళను అడిగితే ఒకటి చెబుతారు, గుట్టకింద వాళ్ళను అడిగితే ఇంకొకటి చెబుతారు.

బరి పక్కన కాలికి ఆకు కట్టు కట్టుకుని నాగలింగం కూర్చున్నాడు. లోయ జట్టు కబురు తెచ్చే కాకి వచ్చి వాలింది. "కార్యదర్శి గారూ, రేపు సాధనకు జట్టువాళ్ళు మిమ్మల్నీ రమ్మంటున్నారు. జట్టులో ఇంకా ఒకరు తక్కువే అంట."

నక్క మండిపడ్డాడు. "ఎవరి కాలు ఎట్టుందో కనుక్కోకుండా పిలవడమేంది? ఆడేవాణ్ణి అడగొద్దా? రెండు ఆటల మధ్య ఒళ్ళు కూడదీసుకోవద్దా? బుద్ధుండాలి పిలిచేవాడికి."

బరి చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

"మంచి మాటన్నావు నాగలింగం" అన్నాడు మైలన్న. "కాస్త గట్టిగా చెప్పు. తిరుపాలు మావకు సరిగా వినపడదు. కట్టుబాటు చెయ్యాలంటే ఆయన వినాల గదా."

అందరి ముందూ అన్న మాట వెనక్కి తీసుకోలేక, నాగలింగం తలొంచుకుని మళ్ళీ చెప్పాడు. ఆ ఏటి నుంచి లోయలో అదే కట్టుబాటు.

ఆట పెట్టేది నోరు, ఆడేది ఒళ్ళు. ఒంటిని అడగని నోరు ఏనాటికైనా తన ఒంటి మీదికే తెచ్చుకుంటుంది.