కిటికీలో అందరూ ఉన్నారు

"కోసేశాడండీ! మా తమ్ముడు నన్ను నిలువునా కోయించేశాడండీ!"

వీధి చివర ఈ కేక వినబడేసరికి నెత్తురు కారుతోందనుకుని కిళ్లీకొట్టు దగ్గరి జనం పరిగెత్తారు. నెత్తురూ లేదు, గాయమూ లేదు. సూరన్నగారు పంచె ఎగ్గట్టి, చేతిలో ఓ ఫొటో ఊపుకుంటూ మాణిక్యం మాస్టారి స్టూడియోలోకి వచ్చిపడ్డారు.

విషయం ఏంటంటే, పొలానికి నీరొచ్చే బోదె కాలవ తగాదాలో సూరన్నగారికీ తమ్ముడు బుల్లియ్యకీ ఏళ్ల తరబడి మాటల్లేవు. అయినా తమ్ముడి కూతురి పెళ్లికి పెద్దమనసు చేసుకుని వెళ్లి, అందరితోపాటు వరసలో చివర నిలబడ్డారు. తీరా ఫొటోలో చూస్తే ఆయన లేరు. పక్కవాడి భుజం మీద ఆయనవి నాలుగు వేళ్లున్నాయి, అంతే!

"ఇవాళ పదహారు రోజుల పండగ భోజనం. వేళ్లని పంపిస్తాను, వాటికే వడ్డించుకోమనండి. నేను మాత్రం గుమ్మం తొక్కను!" అన్నారాయన.

ఆ ఫొటో తీసింది మాస్టారి శిష్యుడు తాతబ్బాయి. పెళ్లాంబిడ్డలున్న మనిషి, పనిమంతుడే. కాకపోతే ఆవేళ దర్జాకి పోయి, రేంజ్‌ఫైండర్ కెమెరాకి మాస్టారి బీరువాలోని పొడుగు లెన్సు తగిలించి, ఎదురింటి అరుగెక్కి తీశాడు. ఆ కెమెరాలో మనం చూసేది లెన్సులోంచి కాదు, పక్కనున్న చిన్న కిటికీలోంచి. లెన్సు ఎంత పొడుగుదైనా కిటికీ మాత్రం వీధంతా చూపిస్తుంది. ఫిల్ము మీద పడేది నడిమధ్య మెరిసే గీతల గడిలో ఉన్నంతే. ఆ గడి సంగతే తాతబ్బాయి మరిచాడు.

తప్పు తెలిసేసరికి వాడికీ ఒళ్లు మండింది. "ఇదేం న్యాయమండీ మాస్టారూ! అందరినీ చూపించి కొందరినే ఉంచుకుంటుందా? అలాంటప్పుడు చూపించడం దేనికండీ?"

మాస్టారికో అలవాటుంది. ఎవరేమడిగినా ముందు కళ్లజోడు తుడుచుకుంటారు. తుడవడం అయ్యేసరికి జవాబు చెప్పే ఓపిక పోయి, లేచి నడుస్తారు. ఈసారీ అంతే. అదే కెమెరా, అదే లెన్సు పట్టుకుని, "గుమ్మం తొక్కొద్దులెండి, ఎదురరుగు దాకా రండి" అని సూరన్నగారినీ, వెనకే తాతబ్బాయినీ బయల్దేరదీశారు.

బుల్లియ్య ఇంటిముందు పందిట్లో విస్తళ్లు వేసున్నాయి. అన్న రాందే ముద్ద ముట్టనని బుల్లియ్య, ఆయన ముట్టందే ఎలాగని చుట్టాలు, పులుసు చల్లారిపోతోందని వంటవాళ్లు, అందరూ రుసరుసలాడుతున్నారు. మాస్టారు వాళ్లని వరసలో నిలబెట్టి, ఎదురరుగు మీద కెమెరా సూరన్నగారి చేతికిచ్చారు.

"ఎవరెవరు కనబడుతున్నారండి?"

"అందరూ ఉన్నారు. పందిరి గుంజకి కట్టేసిన దూడతో సహా. అయినా ఇద్దరు బుల్లియ్యలు కనబడుతున్నారేంటండీ?"

"ఆ రింగు తిప్పండి. ఇద్దరూ ఒక్కడైపోవాలి."

"ఆ ఒక్కడితోనే వేగలేక చస్తున్నాను," అని గొణుక్కుంటూనే తిప్పారాయన.

"ఇప్పుడు మధ్యలో గీతల గడి చూడండి. ఆ లోపలున్నవాళ్లే ఫొటోలో ఉంటారు."

సూరన్నగారు గడిని వరస మధ్యకి తెచ్చి చూశారు. చూసి ఉలిక్కిపడ్డారు. మరుక్షణం మండిపడ్డారు. "ఒరేయ్ బుల్లియ్యా! పిల్లతండ్రివి, ఆ చివరెక్కడ నిలబడ్డావురా? నువ్వు లేని ఫొటో ఎవడిక్కావాలి? లోపలికి జరుగు!"

బుల్లియ్య ఓ అడుగు లోపలికి జరిగాడు. "ఇంకా జరగాలా అన్నయ్యా?"

"జరగరా! నీ వేళ్లు నాకెందుకు, మనిషివి కావాలి! అమ్మాయ్, మీ నాన్నని దగ్గరికి లాగు. దూడ పోతే పోనీండర్రా!"

క్లిక్కుమంది. కొత్త పెళ్లికూతురు అరుగు దగ్గరికి పరిగెత్తుకొచ్చి పెదనాన్న చెయ్యి పట్టుకు లాక్కుపోయింది. ఆయన గుమ్మం తొక్కారో, దూకారో ఆయనకే తెలీదు.

అన్నదమ్ములు పక్కపక్క విస్తళ్ల ముందు కూర్చున్నారు. చుట్టాలు కూర్చున్నారు. చివర మాస్టారూ తాతబ్బాయీ కూర్చున్నారు. పప్పులో నెయ్యి పడుతుండగా తాతబ్బాయి మాస్టారి మోచెయ్యి పట్టుకు లాగాడు.

"మాస్టారూ, కొంప మునిగిందండీ! ఈ ఫొటోలో కూడా సూరన్నగారు లేరు. తీసింది ఆయనేగా!"

మాస్టారు ముద్ద కలుపుకుంటూ, "లేరు," అన్నారు. "అరుస్తున్నారేమో విను."