చాపుకాళ్ల సామి కొండ

“గర్భగుడి వైపు కాళ్లు చాపుతారటండీ ఎవరైనా? లెగండి ముందు! ఇది గుడా, మీ ఇంటి అరుగా?”

ఈ మాట ఈ కొండ మీద వారానికి ఒక్కసారైనా వినపడుతుంది. అనేది ఎప్పుడూ కొత్తగా వచ్చినవాళ్లే. పడేది మాత్రం చుట్టుపక్కల ఊళ్ల ముసలమ్మలు. వాళ్లు కదలరు. చాపిన కాళ్లు చాపినట్టే ఉంచి, “ముందు లోపలికెళ్లి ఆయన్ని లేపు నాయినా. ఆయన ముడుసుకుంటే మేవూ ముడుసుకుంటాం” అంటారు. కోపంగా లోపలికి తొంగిచూసినవాడు అలాగే ఉండిపోతాడు. నల్లరాతి స్వామి చేతులు వెనక్కి ఆనించి, రెండు కాళ్లూ గడప వైపు బారచాపుకుని, మడిచెక్కలో పని ముగించుకొచ్చిన మనిషిలా కూర్చుని ఉంటాడు.

కమాను మీద రంగులతో రాసిన పేరు శ్రీ విశ్రాంత మాధవస్వామి. జనం నోట్లో మాత్రం చాపుకాళ్ల సామి. కొండకీ అదే పేరు. కింద పార్కులో పొద్దున్నే టౌను వాళ్లు వాకింగు చేస్తారు. దేవగన్నేరు చెట్ల కింద నుంచి మొదలైన దారి, జీడితోట చుట్టి, మంచులోకి దూరి, మళ్లీ ఎక్కడో పైన తేలుతుంది. ఎక్కేవాళ్ల మాటలు వినపడతాయి గాని మనుషులు కనపడరు. సగం దాకా వచ్చేసరికి ఆ మాటలూ తగ్గిపోతాయి. గుడి శిఖరం మీద లేదు. రెండు కొండల నడుమ, ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు దాటే సందులో ఉంది. దారి సరిగ్గా గుడి మంటపంలోంచే పోతుంది.

పూర్వం ఇక్కడ స్వామి నిలబడే ఉండేవాడు.

ఆయన నిలబడ్డాడు కాబట్టి ఈ దారిన పోయే మనిషి ఎవడూ కూర్చోకూడదని కట్టడి. బరువు నెత్తిన ఉన్నా, కాలికి ముల్లు దిగినా, నిలబడే ఊపిరి తీసుకోవాలి. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. పూజారి వరదాచార్లు ముప్పై ఏళ్లుగా నిలబడే అర్చన చేసి, నిలబడే ప్రసాదం తిని, మోకాళ్లు అరిగిపోయినా కట్టడి మాత్రం తప్పనివ్వలేదు.

ఆ రోజుల్లో కొండకి ఇవతల జీలుగువలసలో దాలమ్మ అనే పిల్ల ఉండేది. పుట్టిల్లు కొండవతల ఈతమానువలస. తొలిచూలు, ఏడో నెల. తొలికాన్పు పుట్టింట్లోనే కావాలి. ఎనిమిదో నెల వచ్చిందంటే గర్భిణి పొలిమేర దాటకూడదు. కోతల రోజులు కావడంతో తోడు రావడానికి మనిషి దొరకలేదు. దొరుకుతాడు, దొరుకుతాడు అనుకుంటూ ఉండగానే నెల చివరికొచ్చేసింది. ఇంక మూడే రోజులు. అత్త ఒక తట్టలో పాత చీరలు, బెల్లం, కాన్పుకి పనికొస్తుందని ఒక బుడ్డి ఆముదం పెట్టి, “మీ యమ్మకి సూపించి మరీ ఇయ్యి, మేం ఉత్తసేతుల్తో పంపలేదని” అని సాగనంపింది.

దాలమ్మ పాదాలు అప్పటికే పొంగి, వేళ్ల మధ్య సందు లేకుండా ఉన్నాయి. మెట్లు లేవు అప్పుడు, రాళ్లే. మంటపం చేరేసరికి నడినెత్తిన ఎండ. నీడ అక్కడొక్కటే ఉంది. తట్ట దించింది. కాసేపు స్తంభం పట్టుకుని నిలబడింది. కళ్లు తిరిగాయి. అలా జారి కూర్చుంది, కూర్చున్నాక కాళ్లు వాటంతటవే చాపుకుపోయాయి. ఎదురుగా తలుపు తీసే ఉంది. సంపెంగ వాసనేదో వచ్చి రెప్పల మీద కూర్చుంది.

“లే! లేవవే! స్వామి నిలబడి ఉంటే కాళ్లు బారచాపుతావుటే?”

ఊట నుంచి నీళ్లు తెచ్చుకుంటున్న వరదాచార్లు బిందె పట్టుకునే కేకలేస్తున్నాడు.

“దొంగతనం సేసానేటి అయ్యోరా? కూకున్నాను.”

“కూర్చోవడమే తప్పు!”

“తప్పని నాకు తెలుసు. నా కాళ్లకి తెల్దు. ఏటి సెయ్యమంటారు?”

ఆ జవాబుతో ఆయనకి ఒళ్లు మండిపోయింది. మంటపం దాటనివ్వనన్నాడు. వచ్చిన దారినే దిగిపొమ్మన్నాడు. దాలమ్మ దండం పెట్టింది. చుట్టు తిరిగి పోవాలంటే నాలుగు రోజులు, నడుమ ఏరు పొంగి ఉంది, ఈలోపల ఎనిమిదో నెల పడిపోతుంది, అమ్మ లేకుండా కనాలంటే తనకి భయమని చెప్పింది. ఆయన వినలేదు. దారికి అడ్డంగా నిలబడ్డాడు.

దిగింది. కాని జీలుగువలస పోలేదు. కొండ మొదట్లో ఒక పనసచెట్టు కింద తట్ట పెట్టుకుని ఉండిపోయింది. మేకలవాళ్లు ఇంత అంబలి పోశారు.

మర్నాడు తెల్లారి పైనుంచి మేలుకొలుపు వినిపించింది. వింటూనే మళ్లీ కునికింది. ఎండ ఎక్కాక లేచేసరికి ఇంకా మేలుకొలుపే. మధ్యాహ్నం అంబలి తాగుతుంటే అదే. పొద్దు వాలుతుంటే అదే, గొంతు బొంగురుపోయి, మంచులో పడి మెల్లగా దిగుతూ వస్తోంది. “ఈ అయ్యోరికి పొద్దు మాపు తెలీటం నేదేటో” అనుకుంది దాలమ్మ. లోపల బిడ్డ ఒకసారి కదిలింది, ఆ పాటకే లేచినట్టు.

మూడో రోజు, ఆఖరి రోజు, పొద్దు నడినెత్తి దాటిన వేళ వరదాచార్లు దిగి వచ్చాడు. రాతికీ రాతికీ ఆగుతున్నాడు. దాలమ్మ తట్ట ఎత్తుకుని లేచి నిలబడింది.

“ఎల్తన్నాను బాబూ. కొట్టకండి.”

“వెళ్లకు తల్లీ,” అన్నాడాయన. మాట సగమే వస్తోంది. “స్వామి కూర్చున్నాడు.”

ఆమెకి అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. నిన్న తలుపు తీసేసరికి స్వామి చతికిలబడి, కాళ్లు చాపుకుని ఉన్నాడు. వేసిన మాల నేల మీద పడింది. నిలువు కొలతకి కట్టిన పంచె మూడొంతులు నేల మీద మిగిలిపోయింది. నిద్రలో ఒరిగాడనుకుని రోజంతా మేలుకొలుపు పాడాడు. లేవలేదు. ఇవాళ పాడుతూ పాడుతూ స్తంభానికి ఆనుకుని నిలువునా కునుకు తీస్తే, కలలో స్వామి విసుక్కున్నాడు.

“ఎన్నో యుగాల నించి నిలబెట్టారు. కూర్చోమన్నవాడు ఒక్కడు లేడు. ఆ పిల్ల కూర్చుంటే, ఓహో కూర్చోవచ్చు కాబోలు అనుకున్నాను. నువ్వు ఆమెనీ లేపేశావు. ఆమె తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చునేదాకా నీ పూజ నాకక్కర్లేదు.”

దాలమ్మ తట్ట దించలేదు. “మల్లీ లేపరు గదా?” అంది.

“లేపను.”

“నానొక్కర్తినే కాదు. ఈ దారంట ఎవులొచ్చినా?”

“ఎవరొచ్చినా.”

అప్పుడు తట్ట ఆయన చేతికిచ్చి ముందు నడిచింది. పైకి వెళ్లేసరికి మంటపంలో ఎండ పచ్చగా పడుతోంది. స్వామి అరికాళ్లు గడప దాకా వచ్చి ఉన్నాయి. వాటి నిండా పగుళ్లు, కొండ ఎక్కిన మనిషి పాదాల్లాగే. దాలమ్మ గడప ఇవతల నిలబడిపోయింది. ఆయన ఎంత మాటిచ్చినా, దేవుడి ముందు కాళ్లు చాపడానికి ధైర్యం చాలడం లేదు.

వరదాచార్లు తట్ట కింద పెట్టి, “కాళ్లు చాపుకో తల్లీ,” అన్నాడు.

ఆ మాట విని దాలమ్మకి ఎందుకో ఏడుపొచ్చింది. పెళ్లయి వచ్చాక ఆ మాట తనతో ఎవరూ అనలేదు. కూర్చుంది. ఆమె అరికాళ్లకి ఎదురుగా స్వామి అరికాళ్లు. బుడ్డి మూత తీసి, అత్త ఇచ్చిన ఆముదం ఆ పగుళ్లకి రాసింది. మిగిలింది తన పాదాలకి రాసుకుంది. తర్వాత తలెత్తి, “మీరూ కూకోండి అయ్యోరా. మోకాళ్లు వణికిపోతన్నాయి మీకు,” అంది.

ముప్పై ఏళ్ల తర్వాత వరదాచార్లు కూర్చున్నాడు. ముగ్గురూ అలా ఉన్నారు. గాలికి గంట దానంతటదే చిన్నగా మోగింది. ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

కాసేపటికి దాలమ్మ లేచి, “అమ్మ ఎదురుసూస్తాది,” అని అవతలి వైపు దిగింది. పొద్దు ఉండగానే ఈతమానువలస పొలిమేర దాటింది. రెండు నెలలకి తల్లి చేతుల్లో ఆడపిల్లని కన్నది.

ఇప్పటికీ ఈ గుడిలో కొబ్బరికాయ కన్నా ముందు ఆముదం అడుగుతారు. స్వామి అరికాళ్లకి రాసి, మిగిలింది ఆకుదొన్నెలో పోసి ఇస్తారు. ఏడో నెలలో పుట్టింటికి పోయే పిల్లలు కారులో పోతున్నా సరే, ఇక్కడ దిగి కాసేపు కూర్చుని వెళ్తారు. కాలి వాపులు, నడుం నొప్పులు తగ్గుతాయని, కాన్పు సుఖంగా అవుతుందని నమ్మకం. మొక్కులు, కోరికలు లేనివాళ్లు కూడా వస్తారు. పార్కులో నాలుగు చుట్లు తిరిగి, మంచు విడిపోతుంటే పైకెక్కి, మంటపంలో చల్లటి రాతి మీద కూలబడతారు. పూజారి ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, మంత్రం కన్నా ముందు, వరదాచార్లు అన్న ఆ మాటే అంటాడు. అది విని పెద్ద పెద్దవాళ్లు కూడా మొహం పక్కకి తిప్పుకోవడం మామూలే.

మీతో ఎవరైనా ఆ మాట అని ఎన్నాళ్లయింది?