నీలి గంటల చాప

అరకులో కాత్యాయని అనే ఆవిడ ఉండేది; తన తోటలోంచి ఒక్క ఆకు కూడా ఎవరికీ ఇచ్చేది కాదు.

ఆమె ఇంటి ముందు రాతిగట్టు మీద నీలి గంటపూల మొక్క ఉండేది. అది జానెడు ఎత్తు కూడా పెరగదు. నేలను పట్టుకుని చాపలా పరుచుకుంటుంది. పూసే రోజుల్లో చిన్న చిన్న గంటలతో గట్టంతా నీలమైపోయేది. కాత్యాయని తల్లి పోయేముందు తన చేత్తో నాటింది దాన్ని. అమ్మ గుర్తుగా మిగిలింది అదొక్కటే.

పక్కింటి సన్యాసమ్మ గోడ మీంచి అడిగింది.

"వదినా, ఓ చిన్న పిలక ఇవ్వవూ?"

"అమ్మ నాటిన మొక్క. దాని మీద కత్తి పెట్టనివ్వను."

"కత్తెందుకు? చేత్తో పీక్కుంటాను."

"నవ్వులాటకైనా ఆ మాట అనకు!"

మొక్క గట్టు దాటి దారిలోకి పాకితే మాత్రం కాత్యాయనే ఆ తీగల్ని పీకి గేటు పక్కన చెత్తబుట్టలో వేసేది. పారేసేది గానీ ఇచ్చేది కాదు.

ఏళ్లు గడిచాయి. చాప బాగా దట్టమైంది. నడుమ గాలి ఆడలేదు, కొత్త వేరుకు చోటు లేదు. ఆ ఏడు వానలు విడవకుండా పట్టాయి. చాప మధ్యలో గోధుమరంగు మచ్చ కనిపించింది. కాత్యాయని భయపడి మరింత ఎరువు వేసింది. మచ్చ పెద్దదైంది. వానలు వెలిసేసరికి కుళ్లిన పీచే మిగిలింది. ఆమె దాన్ని వేళ్లతో కెలికి కెలికి చూసింది. ఒక్క పచ్చటి వేరూ దొరకలేదు.

"ఏటి వదినా, అలా కూర్చున్నావు?" అంది సన్యాసమ్మ.

"అమ్మ మొక్క పోయింది."

"పోలేదులే. ఇలా రా."

సన్యాసమ్మ పెరట్లో, బట్టలుతికే బండ చుట్టూ, పగిలిన కుండీల్లో అదే మొక్క పచ్చగా పరుచుకుని ఉంది.

"ఇదెక్కడిది?"

"నీ చెత్తబుట్టలోదే. అడిగితే ఇవ్వలేదు, పారేస్తే ఏరుకున్నాను. ఏటా విడదీసి నాటుతాను. ఈ వీధిలో అడిగిన వాళ్లందరికీ ఇచ్చాను."

కాత్యాయని ఓ కుండీ ముందు కూర్చుని ఆ ఆకుల్ని నిమిరింది. తర్వాత మెల్లగా అంది: "వదినా, ఓ పిలక ఇస్తావా?"

"మరి కత్తి పెట్టొచ్చా?"

కాత్యాయనే కత్తి అందుకుంది. ఆ పిలకతో గట్టు మళ్లీ నిండిన ఏడాది, చెత్తబుట్ట ఉండే చోట పిలకలు నాటిన కుండీలు పెట్టింది. కావలసిన వాళ్లు పట్టుకెళ్లారు.

ఒక్కచోటే దాచుకున్నది ఆ చోటుతోపాటే పోతుంది; పదిమందికి పంచినది ఎక్కడో ఒకచోట బతికే ఉంటుంది.